కొర్రమీనుకు గుళికల మేత ఎంపిక

కొర్రమీను గుళికల మేత అనగా చెరువులలోను, మడుగులలోను, సిమెంటు తొట్లలోను పెంచే కొర్రమీనులకు సహజాహారానికి బదులుగా వేసే ఎండు మేత. చేపపొడి, సోయా చెక్క, ధాన్యపు పిండి, నూనె, విటమినులు, ఖనిజ లవణాలు కలిపి, యంత్రంలో ఆవిరితో ఉడికించి, అచ్చు రంధ్రాల గుండా వత్తి, ముక్కలుగా కోసి ఆరబెట్టి దీనిని తయారు చేస్తారు. వ్యవహారంలో దీనిని పెల్లెట్ మేత అని కూడా అంటారు.

కొర్రమీను మాంసాహారి. కదిలే ఎరను పొంచి పట్టి మింగడం దాని జన్మస్వభావం. అందువలన మేత ఎంపికలో రెండు ప్రశ్నలు ఉన్నవి. చేపకు కావలసిన పోషకాలు ఈ గుళికలో ఉన్నవా అనేది మొదటిది. ఈ చేప దీనిని తింటుందా అనేది రెండవది. అంగడిలో బేరమంతా మొదటి ప్రశ్న చుట్టూ జరుగుతుంది. తొట్టిలో చేపలు తగ్గిపోవడం మాత్రం తరచుగా రెండవ ప్రశ్న వద్దనే జరుగుతుంది. తినడం నేర్వని చేపకు ఎంత ఖరీదైన గుళిక అయినా గులకరాయితో సమానం.

చేప, ప్రాంతం

కొర్రమీను శాస్త్రీయ నామం చన్నా స్ట్రయేటా. కొరమీను, కొర్రమట్ట అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నవి. ఇది తెలంగాణ రాష్ట్ర చేప. నిలకడగా, నాచు దట్టంగా ఉండే నీరు దీనికి ఇష్టం. మొప్పలతోపాటు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన గది ఉండడం వలన నీటిలో ప్రాణవాయువు తక్కువైనా బతుకుతుంది. నిజానికి మధ్యమధ్య పైకి వచ్చి గాలి పీల్చక తప్పదు. పైకి రానీయకుండా వలలో బంధిస్తే నీటిలో ఉండి కూడా చచ్చిపోతుంది. వేసవిలో చెరువు ఎండితే బురదలో దాగి వానల కొరకు ఎదురుచూస్తుంది. అంగడిలో కొర్రమీనును ప్రాణంతో అమ్మగలగడానికి, దానికి ఇతర చేపలకన్న ఎక్కువ ధర పలకడానికి కారణం ఈ గుణమే.

ఖమ్మం జిల్లాలోను, 2016 అక్టోబరు 11న దాని నుండి విడివడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను చేపలకు అనువైన నీళ్ళకు కొదువ లేదు. మైదాన భాగంలో కూసుమంచి మండలంలోని పాలేరు జలాశయం, వైరా జలాశయం, పెనుబల్లి మండలంలోని లంకాసాగర్, సత్తుపల్లి వద్ద బేతుపల్లి పెద్ద చెరువు ఉన్నవి. అడవి అంచున పాల్వంచ దాపున కిన్నెరసాని, చర్ల మండలంలో తాలిపేరు జలాశయాలు ఉన్నవి. పాలేరులో మత్స్య పరిశోధనా కేంద్రం కలదు. గోదావరి ఒడ్డున భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల పల్లెలలో కొర్రమీను కొత్త చేప కాదు. వాగు మడుగులలో, వరిచేల కాలువలలో గాలాలతోను, బుట్టలతోను పట్టుకుని తినే చేపయే. దానిని తొట్టిలో మేత వేసి పెంచడం మాత్రం కొత్త పని.

మృగశిర కార్తె వచ్చే జూన్ రెండవ వారంలో తెలంగాణ అంతటా చేపలు తినే ఆచారం ఉన్నది. ఆ నాడు కొర్రమీనుకు గిరాకీ బాగా ఉంటుంది. హైదరాబాదులో బత్తిన వంశీయులు ఉబ్బస రోగులకు ఇచ్చే చేప ప్రసాదంలో వాడేదీ ప్రాణంతో ఉన్న కొర్రమీను పిల్లయే (దాని వైద్య ప్రయోజనం వేరే చర్చ). మృగశిరకు చేప అమ్మకానికి సిద్ధం కావాలని పిల్లలను తొట్లలో వదలినవారు మేత విషయంలో పొరబడితే ఆ ఏటి పంట పోయినట్లే. పెంపకపు ఖర్చులో సగానికి పైగా మేతకే అవుతుంది.

కొర్రమీను తిండి తీరు

గుడ్డు నుండి వెలువడిన పిల్ల మొదటి రెండు మూడు రోజులు తన పొట్టకు అంటుకొని ఉన్న పచ్చసొన మీద బతుకుతుంది. ఆ తరువాత కంటికి కనబడీ కనబడని నీటి జీవులను, డాఫ్నియా వంటి నీటి పురుగులను తింటుంది. ఈ దశలో పిల్లలు ఎర్రగా, గుంపుగా నీటి పైభాగాన తిరుగుతూ ఉంటే తల్లిదండ్రులు అడుగున కాపలా కాస్తవి. కొంచెం ఎదిగాక పురుగులు, రొయ్య పిల్లలు, తోకకప్పలు దీనికి ఆహారం అవుతవి. పెద్ద చేప చిన్న చేపలను, కప్పలను మింగుతుంది.

మాంసాహారి కావడం చేత దీని పేగు పొట్టిగా ఉంటుంది. రోహు, బొచ్చె వంటి చేపలకు సరిపడే తవుడు, చెక్క దీనికి సరిపడవు. పిండిపదార్థాన్ని జీర్ణించుకునే శక్తి దీనికి పరిమితం. బియ్యపు తవుడు, వేరుశనగ చెక్క, పత్తి చెక్క మన ప్రాంతంలో చౌకగా దొరుకుతవి కనుక వాటిని కలిపి ముద్దలు చేసి వేసేవారు ఉన్నారు. ఇందులో ఇంకొక చిక్కు ఉన్నది. పత్తి గింజలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. పశువుల కడుపు దానిని కొంతవరకు సహిస్తుంది గాని చేపలు అంతగా సహించలేవు.

అన్నిటికన్న ముఖ్యమైన స్వభావం, ఇది తన తోబుట్టువులను తింటుంది. ఆకలి ఉన్నచోట, పరిమాణంలో తేడా ఉన్నచోట ఈ గుణం విజృంభిస్తుంది. నేనెరిగిన ఒక పెరటి తొట్టిలో మూడు వందల పిల్లలను వదలి, మంచి మాంసకృత్తుల శాతం గల గుళికలు మొదటి రోజు నుండే వేశారు. చచ్చిన చేప ఒక్కటీ పైకి తేలలేదు. నెల గడిచాక నీరు తీసి చూస్తే నాలుగోవంతు కూడా మిగలలేదు. మిగిలినవాటిలో కొన్ని బలిసి ఉన్నవి, మిగతావి తల పెద్దదిగా, ఒళ్ళు సన్నగా ఉన్నవి. దొంగతనం జరిగిందని ఇంటివారు అనుకున్నారు. గుళికలు మాత్రం తొట్టి మూలలో బూజు పట్టి పేరుకొని ఉన్నవి.

గుళికకు అలవాటు చేయడం

కాబట్టి మేత కొనడానికి ముందే, పిల్లలను అమ్మేవారిని అడగవలసిన మాట ఒకటి ఉన్నది: ఇవి గుళికలు తినడం నేర్చినవేనా? నోటిమాట చాలదు. అక్కడే, ఆ తొట్టిలోనే గుప్పెడు గుళికలు వేయించి చూడాలి. నేర్చిన పిల్లలు అరనిమిషంలో ఎగబడతవి. నేర్వనివి గుళికను నోటిలోకి తీసుకొని ఉమ్మివేస్తవి, లేదా అసలు పట్టించుకోవు. చెరువుల నుండి, వాగుల నుండి పట్టి తెచ్చిన పిల్లలు సహజంగానే నేర్వనివి.

నేర్వని పిల్లలకు నేర్పడం సాధ్యమే, కాని ఓపిక కావాలి. పిల్లలు మూడు నాలుగు సెంటీమీటర్లు ఎదిగిన తరువాత మొదలుపెట్టడం మంచిది. మొదట చిన్న చేపల మాంసాన్ని ముళ్ళు లేకుండా మెత్తగా నూరి ముద్దగా ఇవ్వాలి. ముద్దను చిల్లుల పళ్ళెంలో పెట్టి ప్రతిరోజు అదే వేళకు, అదే చోట నీటిలో ఉంచితే పిల్లలు ఆ చోటుకు చేరడం నేర్చుకుంటవి. తరువాత ముద్దలో పదోవంతు గుళికల పొడి కలపాలి. మూడు రోజులకొకసారి మరొక పదోవంతు పొడి పెంచి, అంత మేరకు చేప మాంసం తగ్గించాలి. నెల రోజులలో మాంసం పూర్తిగా పోయి గుళికల పొడి మిగులుతుంది. అప్పుడు ముద్దకు బదులు నానబెట్టిన చిన్న గుళికలు, ఆపైన ఎండు గుళికలు వేయవచ్చు. మధ్యలో ఏ రోజైనా తిండి తగ్గిస్తే ముందుకు పోకుండా వెనుకటి మెట్టుకు దిగిరావాలి. ఆకలితో మాడ్చి నేర్పుదామనేవారు ఉన్నారు. ఇతర చేపల సంగతి ఏమో గాని కొర్రమీను విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. ఆకలిగొన్న కొర్రమీనుకు పక్కన ఉన్న తమ్ముడే మేత.

ఈ నెల రోజులూ వారానికొకసారి పిల్లలను పరిమాణాన్ని బట్టి వేరుచేసి వేర్వేరు తొట్లలో ఉంచాలి. రెండు మూడు తొట్లు లేనివారు నేర్చిన పిల్లలనే కొనడం మేలు. ధర ఎక్కువైనా చివరకు అదే చౌక.

చిన్న చేపలు మేతగా వేస్తే

గుళికలకు పోకుండా చెరువులలో పట్టిన పరిగెలు, ఇతర చిల్లర చేపలు వేసి పెంచడం అనాదిగా ఉన్న పద్ధతి. చేప ఇష్టంగా తింటుంది, నేర్పే పని లేదు. అయితే పచ్చి చేపలో ముప్పాతిక వంతు నీరే. నాలుగు కిలోల చిల్లర చేపలో ఎండు పదార్థం ఒక కిలో మాత్రమే. అందుచేత ఒక కిలో కొర్రమీను పెరగడానికి నాలుగు కిలోలు, అంతకు మించి కూడా చిల్లర చేప పడుతుంది. మంచి గుళికలు అయితే కిలోన్నర చుట్టుపక్కల సరిపోతుంది. కొన్ని రకాల పచ్చి చేపలలో ఉండే థయమినేజ్ అనే ఎంజైము బి1 విటమినును నాశనం చేస్తుంది. అవే రోజూ వేస్తే చేప తిండి మాని, తూలుతూ ఈదుతుంది. మాంసాన్ని ఉడికిస్తే ఆ ఎంజైము నశిస్తుంది.

రోగాల భయం కూడా ఉన్నది. 1988లో భారతదేశంలో ప్రవేశించిన పుండ్ల వ్యాధి కొర్రమీను జాతిని తీవ్రంగా దెబ్బతీసింది. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే బూజు వంటి జీవి దీనికి కారణం. చలికాలంలో ఇది ఎక్కువ. వాగులలో పట్టిన చేపలను పచ్చిగా వేస్తే ఇటువంటి రోగం తొట్టిలోకి వచ్చే దారి తెరిచినట్లే. కోడి మాంసపు దుకాణాల వ్యర్థాలు వేయడం ఇంతకన్న హీనం. నీరు కుళ్ళుతుంది, తినేవారి ఆరోగ్యానికీ అది మంచిది కాదు.

ఈ విషయంలో కాంబోడియా అనుభవం చెప్పుకోదగినది. అక్కడి మెకాంగ్, టోన్లే సాప్ నీళ్ళలో ఇదే జాతి చేపను పెద్దయెత్తున పెంచేవారు. మేతగా నదిలోని చిన్న చేపలనే వాడడం వలన పేదలు తినే చేప తరిగిపోతున్నదని 2004లో అక్కడి ప్రభుత్వం ఈ పెంపకాన్ని నిషేధించింది. పొరుగున వియత్నాం రైతులు గుళికల మేతకు మళ్ళారు. గుళికలకు అలవాటు పడిన పిల్లలను తయారు చేసే పద్ధతులు కుదిరిన తరువాత 2016లో కాంబోడియా నిషేధాన్ని ఎత్తివేసింది. మన అడవి అంచు పల్లెలలో కూడా వాగులోని చిల్లర చేప కూరకు వచ్చే చేపయే. దానిని కొర్రమీనుకు వేయడమంటే ఒకరి పళ్ళెంలోనిది తీసి మరొకరి అంగడికి పంపడం.

సంచి మీది అంకెలు

గుళికల సంచి మీద మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ శాతాలు ముద్రించి ఉంటవి. కొర్రమీను చిరుపిల్లలకు మాంసకృత్తులు 50 శాతం వరకు, వేలెడు పిల్లలకు 45 శాతం వరకు, పావుకిలో దాటిన చేపలకు 40 శాతం వరకు ఉండడం తగినది. కొవ్వు 6 నుండి 10 శాతం, తేమ 12 శాతానికి లోపు, పీచు ఎంత తక్కువైతే అంత మంచిది. రోహు, బొచ్చెల కొరకు చేసే గుళికలలో మాంసకృత్తులు 24 నుండి 28 శాతమే ఉంటవి. మన ప్రాంతంలో సులభంగా దొరికేవి అవే కనుక, సంచి మీద చేప బొమ్మ ఉన్నది గదా అని కొర్రమీనుకు వేసేవారు ఉన్నారు. చేప చావదు, కాని పెరగదు. పరిమాణాల్లో తేడా వచ్చి ఒకదానినొకటి తినడం మొదలవుతుంది.

అయితే అంకెను గుడ్డిగా నమ్మరాదు. ప్రయోగశాలలో మాంసకృత్తులను నేరుగా కొలవరు. మేతలోని నత్రజనిని కొలిచి దానిని 6.25తో హెచ్చిస్తారు. మాంసకృత్తులలో సగటున 16 శాతం నత్రజని ఉంటుందనేది ఈ లెక్కకు ఆధారం. నత్రజని ఎక్కడి నుండి వచ్చినదీ ఈ పరీక్ష చెప్పదు. యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నది. 46ను 6.25తో హెచ్చిస్తే 287.5 వస్తుంది. అనగా క్వింటాలు మేతలో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద మాంసకృత్తులు దాదాపు 2.9 శాతం పెరుగుతవి, చేపకు మాత్రం ఒక్క గ్రాము కూడా అందదు. 2007లో అమెరికాలో పెంపుడు కుక్కలు, పిల్లులు చనిపోవడానికి కారణమైన మెలమిన్ కల్తీ ఈ సూత్రం మీదనే జరిగింది. ఈకల పొడి, తోలు పొడి కల్తీ కాకపోయినా వాటిలోని మాంసకృత్తులు చేపకు సరిగా జీర్ణం కావు. కాబట్టి శాతంతోపాటు అది దేని నుండి వచ్చినదో చూడాలి. దినుసుల పట్టికలో చేపపొడి మొదటి వరుసలో ఉండడం మంచి గుర్తు. సోయా చెక్క కొంతవరకు ఉండవచ్చు.

మాంసకృత్తులు అవసరానికి మించి ఉండడం కూడా లాభం కాదు. 45 శాతం గల కిలో మేతలో 72 గ్రాముల నత్రజని ఉంటుంది. చేప ఒంట చేరేది అందులో మూడోవంతుకు అటూ ఇటూ. మిగిలినది అమ్మోనియా రూపంలోను, మలం రూపంలోను నీటిలోకే పోతుంది. గాలి పీల్చే చేప కనుక నీరు పాడైనా కొర్రమీను వెంటనే తేలదు. ఈ ఓర్పే పెంచేవారిని మోసగిస్తుంది. పెరుగుదల ఆగిన తరువాత గాని నీటి సంగతి తెలియదు.

ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత తయారీదారులకు లైసెన్సు నిబంధనలు, నాణ్యతా నియమాలు విధిస్తూ 2020లో చేపల మేత (నాణ్యతా నియంత్రణ) చట్టం చేశారు. కోస్తా జిల్లాల మిల్లుల సంచులు ఖమ్మం అంగళ్ళకు కూడా వస్తవి. లైసెన్సు సంఖ్య, తయారీ తేది, బ్యాచి సంఖ్య లేని సంచిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకొనరాదు. రశీదు తప్పక తీసుకోవాలి.

తేలే మేత, మునిగే మేత

యంత్రంలో ఎక్కువ వేడి, ఒత్తిడి మీద ఉడికిన పిండి బయటకు రాగానే పొంగి గాలి గదులు ఏర్పడతవి. ఆ గుళిక నీటిపై తేలుతుంది. తక్కువ వేడిలో వత్తినది మునుగుతుంది. కొర్రమీనుకు తేలే మేత అనువైనది. అది ఎలాగూ గాలి కొరకు పైకి వస్తూనే ఉంటుంది. పైగా ఎంత తిన్నదీ, ఎంత మిగిలినదీ కంటికి కనిపిస్తుంది. మునిగే మేతలో ఈ సౌకర్యం లేదు. రొయ్యల మేత మాంసకృత్తుల శాతంలో కొర్రమీనుకు దగ్గరగా ఉన్నా, అడుగున పాకి తినే ప్రాణి కొరకు చేసినది కనుక మునుగుతుంది, చాలాభాగం వృథా అవుతుంది.

తేలే గుణం ఊరకే రాదు. గుళిక పొంగడానికి పిండిపదార్థం కావాలి. అతిగా తేలే, అతి తేలికైన గుళికలో పిండి పాలు ఎక్కువ ఉండవచ్చు. కొర్రమీను దానిని వాడుకోలేదు, అది కాలేయం చుట్టూ కొవ్వుగా చేరుతుంది. తేలడమే నాణ్యత అని అనుకోవడం పొరపాటు.

ఇతర మాంసాహార జలచరాలకు ఇదే సూత్రాన్ని తిప్పి చూడాలి. ఇటీవల నగరాలలో కొందరు పెంచుతున్న ఆక్సొలోటల్ అనే ఉభయచరం మెక్సికో నగరం దాపున ఉన్న షోచిమిల్కో కాలువలకు చెందినది. అదీ మాంసాహారియే, ఎరను నీటితోసహా నోటిలోకి పీల్చి మింగుతుంది. కాని అడుగున తిరిగే ప్రాణి కనుక దానికి మునిగే, మెత్తని గుళికలు కావాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే మేతతోపాటు వాటినీ మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. 20 డిగ్రీలకు లోపు చల్లని నీరు కోరే ఆ ప్రాణిని, వేసవిలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, భద్రాచలం ఎండలలో ఉంచడం దానికి శిక్షయే. మేత గొప్పదైనా వేడిని మాన్పలేదు.

గుళిక పరిమాణం

గుళిక వ్యాసం చేప నోటి వెడల్పులో మూడోవంతు నుండి సగం వరకు ఉండవచ్చు. కొత్తగా నేర్చిన పిల్లలకు ఒక మిల్లీమీటరు లోపు నూకల వంటి మేత, అయిదు పది గ్రాముల పిల్లలకు ఒకటిన్నర నుండి రెండు మిల్లీమీటర్లు, యాభై గ్రాముల వద్ద మూడు, వంద దాటాక నాలుగు, పావుకిలో పైబడిన తరువాత ఆరు మిల్లీమీటర్ల గుళిక సరిపోతుంది. పెద్ద గుళికను చేప కొరికి విడుస్తుంది, నీరు మురికి అవుతుంది. మరీ చిన్నది వేస్తే పెద్ద చేప పట్టించుకోదు. తొట్టిలో చేపలు హెచ్చుతగ్గులుగా ఉంటే రెండు పరిమాణాలు కలిపి కొన్నాళ్ళు వేయాలి. ఒక పరిమాణం నుండి మరొక దానికి ఒక్కనాటితో మారరాదు.

కొనేముందు ఇంటి పరీక్షలు

ప్రయోగశాల అందుబాటులో లేనివారు కొన్ని సులభమైన పరీక్షలు చేసుకోవచ్చు. ఒక బకెట్టు నీటిలో వంద గుళికలు లెక్కించి వేయాలి. పావుగంట తరువాత తొంభైకి పైగా తేలుతూ ఉండాలి. గుళిక నానినా ఆకారం చెడరాదు. నీరు తెల్లగా మారితే అచ్చు సరిగా కుదరలేదని అర్థం. నీటిపై నూనె తెట్టె పేరుకుంటే నూనె పైపైన పూసినదే గాని లోపల ఇంకలేదు. సంచి అడుగు నుండి కిలో మేత తీసి ఇంటి జల్లెడలో జల్లిస్తే రాలే పొడి గుప్పెడుకు మించరాదు. ఆ పొడి చేపకు చేరదు, డబ్బు మాత్రం దానికీ ఇచ్చి ఉంటాము.

వాసన మంచి సాక్షి. ఎండుచేప వాసన ఉండాలి. పాత నూనె డబ్బా వాసన వస్తే కొవ్వు చెడినట్లు. బూజు వాసన వస్తే ఇక మాట లేదు. రెండు వేళ్ళ మధ్య నలిపితే ఫట్‌మని విరగాలి. అణిగితే తేమ తగిలినట్లు. వీలైతే ఒక్క కిలో విడిగా కొని నాలుగు రోజులు వేసి చూసిన తరువాతనే సంచులు కొనాలి. కొర్రమీనుకు నచ్చనిది మనం దానితో తినిపించలేము.

మోతాదు, లెక్క

చిరుపిల్లలకు రోజుకు వాటి బరువులో 8 నుండి 10 శాతం, వేలెడు పిల్లలకు 5 శాతం, పెద్ద చేపలకు 2 నుండి 3 శాతం మేత వేయడం వాడుక. 200 గ్రాముల చేపలు వెయ్యి ఉంటే వాటి బరువు 200 కిలోలు. 3 శాతం చొప్పున రోజుకు 6 కిలోలు. దీనిని ఉదయం, సాయంత్రం రెండు పూటలుగా వేయాలి. పావుగంటలో తినగలిగినంతే వేయాలి గాని లెక్క ఉన్నది గదా అని కుమ్మరించరాదు. మబ్బు పట్టిన రోజున, నీరు మార్చిన రోజున, డిసెంబరు, జనవరి చలి రాత్రుల తరువాత చేప తక్కువ తింటుంది. మే నెల ఎండలలో తొట్టి నీరు వేడెక్కినప్పుడు కూడా అంతే.

ధరను సంచికి గాక పెరిగిన చేప కిలోకు లెక్కించాలి. ఒక మేత కిలో 90 రూపాయలు, కిలో చేప పెరగడానికి అది 2 కిలోలు పడుతుంది అనుకుందాము. ఖర్చు 180 రూపాయలు. మరొకటి 110 రూపాయలు, కాని కిలోన్నర చాలును. ఖర్చు 165 రూపాయలే. అంగడిలో 20 రూపాయలు ఎక్కువైనది పెరటిలో 15 రూపాయలు మిగిల్చింది. ఈ లెక్క తేలాలంటే వేసిన మేతను ఏ రోజుకు ఆ రోజు నోటు పుస్తకంలో రాయాలి, పదిహేను రోజులకొకసారి పాతిక చేపలనైనా తూచాలి. ఎంత పడుతున్నదో తెలియకుండా ఈ మేత మంచిది, ఆ మేత చెడ్డది అనడం ఊహ మాత్రమే.

నిల్వ

మంచి మేత కూడా నిల్వలో చెడుతుంది. కాలం గడిచేకొద్దీ సి విటమిను తగ్గుతుంది, కొవ్వు చెడుతుంది. తేమ తగిలితే వేరుశనగ చెక్క, మొక్కజొన్న వంటి దినుసులలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదలుతుంది. ఎండలో ఆరబెట్టినా, వేయించినా ఈ విషం పోదు. బూజు దులిపి వేసే అలవాటు మానుకోవాలి. తయారైన మూడు నెలల లోపు మేత వాడేయడం మంచిది.

అడవి అంచు పల్లెలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నది. జులై, ఆగస్టు నెలలలో గోదావరి పొంగితే దారులు తెగుతవి. భద్రాచలం వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఇస్తారు. 2022 జులైలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరి అంతకు మించిన ముంపు వచ్చింది. అటువంటి రోజులలో దుమ్ముగూడెం, చర్ల వైపు మేత లారీ రాదు. జూన్ చివరిలోనే నెలకు సరిపడా మేత తెచ్చి పెట్టుకోవలసి ఉంటుంది. అయితే అదే కాలంలో గాలిలో తేమ కూడా ఎక్కువ. సంచులను నేలకు, గోడకు తగలకుండా చెక్క బల్లల మీద పేర్చి, తెరచిన సంచిని మూత గల డ్రమ్ములో పోసి, ముందు వచ్చినది ముందు వాడాలి. ఎలుకలు కొరికిన సంచిలోని మేత వేయరాదు.

దారి తెగి మేత అయిపోతే చేతికందిన తవుడు వేయడం కన్న రెండు మూడు రోజులు రోజూ వేసే దానిలో సగం వేసి సర్దుకోవడం మేలు. పెద్ద చేపలు దీనిని ఓర్చుకుంటవి. చిన్నవాటికి మాత్రం మేత తగ్గించరాదు, మిగిలినదంతా ముందు వాటికే వేయాలి. నీరు వచ్చిన తరువాత తొట్టి అంచు మీద వల కట్టడం మరువరాదు. వాన రాత్రి కొర్రమీను గోడ దూకి తడినేల మీద పాకుతూ వాగు దారి పడుతుంది.